స్ట్రెచర్ తల వైపు

ఆయన తప్పు చెబితే ఒక్కసారి చెవులారా వినాలని ఆరేళ్లు కాచుకుని ఉన్నాను. ఇందులో పగ ఏమీ లేదు. ఆయన నాకు చేసిన అపకారం ఒక్కటీ లేదు. ఉత్త కుళ్లు, అంతే. పోయిన నెల డెంగ్యూ వచ్చి నాలుగు రోజుల్లో ఆయన పోయాడు. పోయిన పదకొండో రోజు, ఆయన ఇంట్లోనే, నేను ఇన్నాళ్లూ వెతుకుతున్న తప్పు నాకు దొరికింది. దాన్ని ఏం చేసుకోవాలో తెలియక ఇలా కాగితం ముందు కూర్చున్నాను.

మాది అంబులెన్సు పని. బండికి ఇద్దరం. నడిపేవాణ్ని పైలట్ అంటారు, వెనక పేషెంటు దగ్గర ఉండేవాడు పారామెడిక్. నేను పారామెడిక్‌ని. నా బండి ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర మెట్రో పిల్లర్ల నీడలో నిలబడి ఉంటుంది. ఆయనా పారామెడిక్కే గానీ ఆయనకు బండి లేదు. నాచారంలో మసాలా ఫ్యాక్టరీ వెనక సందులో మా ఆఫీసు. దాని మేడ మీద ఒక గది, ఒక కుర్చీ, ఒక హెడ్‌ఫోను, అదీ ఆయన రాజ్యం. పేషెంటు ముందు ఏం చేయాలో తోచని పారామెడిక్ ఎవరైనా ఆ గదికి ఫోన్ చేయవచ్చు. డాక్టరు లైన్లోకి వచ్చేలోపు మనలాంటివాడే ఒకడు, రోడ్డు మీద పనిచేసి వచ్చినవాడు, దారి చెబుతాడన్నమాట. దాన్ని అందరం డెస్క్ అంటాం.

ఇద్దరం ఒకే రోజు ఉద్యోగంలో చేరాం. ట్రైనింగులో నాది మొదటి ర్యాంకు. ఆయనది ఎన్నో ర్యాంకో ఆయనకే గుర్తుండేది కాదు. అలాంటివాడికి ఆ కుర్చీ ఎలా వచ్చిందంటే, నడుము విరగ్గొట్టుకుని వచ్చింది. రామంతాపూర్‌లో లిఫ్టు లేని మూడో అంతస్తు నుంచి ఒక భారీ మనిషిని దించుతున్నారు. స్ట్రెచర్‌కు తల వైపు బరువెక్కువ, ఆయన తల వైపు పట్టుకున్నాడు. కాళ్ల వైపు ఉన్నవాడు మెట్టు మీద జారితే బరువంతా ఒక్కసారి ఆయన మీద పడింది. పేషెంటును వదల్లేదు. నడుము పోయింది. మూడు నెలలు మంచం మీద ఉండి లేచాక, ఇక బరువులు మోయకూడదన్నారు. అప్పుడే డెస్క్ కొత్తగా పెడుతున్నారు, తెచ్చి అక్కడ కూర్చోబెట్టారు.

ఆ రోజు డ్యూటీ అసలు నాది. చెల్లెలి సీమంతానికి జనగామ పోతూ ఆయనతో మార్చుకున్నాను. మంచి మనిషైతే నా బదులు ఆయన నడుము పోయిందే అని జీవితాంతం బాధపడతాడు. నేనూ బాధపడ్డాను, ఓ పది రోజులు. తర్వాత డెస్క్ మీద ఆయన పేరు మారుమోగడం మొదలయ్యాక, ఆ రోజు నేనే వెళ్లి ఉంటే ఆ కుర్చీ నాదయ్యేది కదా అనిపించసాగింది. ఇంకొకడి విరిగిన నడుమును చూసి కూడా ఓర్వలేకపోవచ్చని నాకు అలా తెలిసింది.

ఆ గదిలోకి వెళితే మొదట కనిపించేది ఆయన వీపు. కుర్చీని గోడ వైపు తిప్పుకుని కూర్చునేవాడు. నడుము వెనక ఇంటి నుంచి తెచ్చుకున్న పాత దిండు. హెడ్‌ఫోను ఒక చెవికే. చొక్కా జేబులో పుట్నాలు. ఫోన్ పెట్టేశాక రెండు తీసి నోట్లో వేసుకునేవాడు. పేషెంటు దక్కితేనే వేసుకుంటాడని మా బండ్లవాళ్లు కథలు చెప్పుకునేవారు గానీ, అది వట్టిమాట. ఎలా ముగిసినా వేసుకునేవాడు, నేను చూశాను.

ఫోన్ ఎవరు చేసినా మొదటి మాట "కేసు నంబరు చెప్పు." రెండో మాట "కూసున్నవా?" పేషెంటు పక్కన కూర్చుంటే తప్ప మాట్లాడనిచ్చేవాడు కాదు. "నిలవడి మాట్లాడితే నీ గొంతు ఉరుకుతది తమ్మి. కూసో, అప్పుడు జెప్పు." కూర్చోకుండానే కూర్చున్నానంటే తెలిసిపోయేది. ఎలా తెలిసేదో నాకిప్పటికీ అర్థం కాలేదు. మూడో మాట "నువ్వేమనుకుంటున్నవ్?" అవతలివాడు భయపడుతూ ఏదో ఒకటి చెప్పేవాడు. చాలాసార్లు ఆయన "గదే జేయ్" అనేవాడు. దీనికి సలహా అని పేరు. వాడి మాటనే వాడికి తిప్పి అప్పజెప్పడం. ఆ మాత్రం నేనూ చేయగలను. కాకపోతే నన్నెవరూ అడగరు.

అర్థం కాని కేసైతే "ఫోన్ పేషెంట్ నోటికాడ వెట్టు" అని, నిమిషం నిండా ఊపిరి వినేవాడు. వింటున్నంతసేపూ మోకాలి మీద వేలితో తడుతుండేవాడు. మగవాళ్లంతా ఆయనకు తమ్ముళ్లు, ఆడవాళ్లంతా చెల్లెళ్లు. నేనూ తమ్మినే. నాకంటే పెద్ద, సరిగ్గా మూడు నెలలు. మూడు నెలల పెద్దరికానికి నేను ఆయన్ని అన్నా అని పిలవాల్సి వచ్చింది, ఎందుకంటే అందరూ పిలిచేవారు.

ఇన్నేళ్లలో నా అంతట నేను డెస్క్‌కు ఫోన్ చేయలేదు. ఒక్కసారి తప్ప, అది తర్వాత చెబుతాను. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు అనేవాణ్ని. నా పైలట్ యాదగిరికి మాత్రం ఆ గొడ్డలి మీదే ప్రేమ. భువనగిరి వైపు వాడు, నాలుగేళ్లుగా నాతోనే ఉన్నాడు. అన్నం నాతో తింటాడు, నమ్మకం ఆయన మీద పెట్టుకున్నాడు. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా.

ఒకసారి చిల్కానగర్‌లో ఒక ముసలాయనకు ఆయాసం. ఇరుకు మేడ, ఇంటినిండా ఏడుపులు. నేను ఆక్సిజన్ పెట్టి, మెట్లు దించాలి కదా అని స్ట్రెచర్ మీద పడుకోబెట్టి బెల్టులు బిగిస్తున్నాను. యాదగిరి నన్ను అడగకుండానే డెస్క్‌కు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి, ముసలాయన ముఖం దగ్గర పట్టుకున్నాడు.

"ఎవర్ని అడిగి చేసినవ్?" అన్నాను.

"ఉత్తగ ఇంటడు తియ్యన్నా," అన్నాడు.

అవతల ఆయన నిమిషం నిండా విన్నాడు. తర్వాత ఆయన గొంతు వచ్చింది. "తమ్మి, పండవెట్టినవా?"

"మెట్లు దించాలె గదన్నా."

"లోపట నీళ్ల సప్పుడు ఇనవడ్తుంది. లేపి కూసోవెట్టు. కాళ్లు కిందికి యాలాడనియ్యి. గట్లనే కుర్చీల దించున్రి."

లేపి కూర్చోబెట్టాం. బండి హబ్సిగూడ దాటేసరికి ముసలాయన నా చెయ్యి వదిలి కళ్లు తుడుచుకున్నాడు. నేనూ లేపేవాణ్నే. ఇంకో నిమిషం ఆగితే నాకే తోచేది. ఆయాసపడేవాణ్ని వెల్లకిలా పడుకోబెట్టకూడదన్నది ట్రైనింగు పరీక్షలో వచ్చిన ప్రశ్న, నాకు పూర్తి మార్కులు పడ్డాయి. ఆ మాట ఎవరికి చెప్పుకోను? యాదగిరి వారం రోజులు ఉప్పల్ చాయ్ హోటల్లో అదే పాట. "ఫోన్లకెల్లి నీళ్లు ఇన్నడన్నా." వినేవాళ్లు నా వైపు చూసి చూడనట్టు తలతిప్పుకునేవారు.

అంతవరకూ ఊరికే కాచుకుని ఉన్నవాణ్ని, అప్పటి నుంచి ఆయన తప్పుల కోసం తిరిగాను. గ్లౌజులు అయిపోయాయనో, సిలిండర్ మార్చాలనో వంక పెట్టుకుని నాచారం పోయి ఆ గుమ్మంలో నిలబడి వినేవాణ్ని. వేరే బండ్లవాళ్లు కలిస్తే, డెస్క్ చెప్పింది సరిపోయిందా అని గుచ్చి గుచ్చి అడిగేవాణ్ని. సరిపోయిందనేవారు. తెలియని కేసు వస్తే ఆయన "నాకు తెల్వది తమ్మి, డాక్టర్‌ను కలుపుతున్న" అని ముందే చేతులెత్తేసేవాడు. తెలియదని ముందే ఒప్పుకునేవాణ్ని ఏ మూల నుంచి పట్టుకుంటారు?

తప్పు దానంతటదే దొరక్కపోతే నేనే చేయిద్దామనుకున్నాను. ఇది రెండేళ్ల కిందటి మాట. మధ్యాహ్నం యాదగిరి భోజనానికి పోయాడు. బండి తలుపులు వేసుకుని, వెనక ఖాళీ స్ట్రెచర్ పక్కన కూర్చుని డెస్క్‌కు ఫోన్ చేశాను. లేని పేషెంటును పుట్టించాను. మగమనిషి, నలభై రెండేళ్లు, పొద్దున మిర్చి బజ్జీలు తిన్నాడు, కడుపు పైభాగంలో మంట అంటున్నాడు, బీపీ బాగుంది, ఈసీజీ మిషన్‌లో కాగితం అయిపోయింది. గ్యాసే అని తేల్చేస్తే గుండెపోటు అని చెబుతాను. గుండె అని పరుగులు పెట్టిస్తే గ్యాసే అని తేలిందంటాను. ఎటు అడుగు వేసినా గొయ్యే. అంత తెలివిగా తవ్వాను.

"కూసున్నవా?" అన్నాడు. కూర్చునే ఉన్నాను.

"ఏం పని జేస్తడు?"

"బరువులు మోసే పనన్నా."

"మెట్లెక్కితే దమ్మొస్తదా?"

"వస్తదంటున్నడు."

"ఇంట్ల ఎవరికన్న గుండె జబ్బున్నదా?"

"తండ్రి గుండెపోటుతోనే పోయిండంట."

ఇక్కడే ఉంది నా నిర్వాకం. అబద్ధానికి కావలసిన సామాను బయటి నుంచి తెచ్చుకునే ఓపిక లేక, చేతికందిన నా బతుకులోంచే తీసి పెడుతున్నాను. నలభై రెండేళ్లు నావి. మిర్చి బజ్జీలు నేను తిన్నవి. గుండెపోటుతో పోయింది మా నాయన. అడిగినకొద్దీ చెబుతూ పోయాను. అప్పుడాయన "ఫోన్ నోటికాడ వెట్టు" అన్నాడు. ఎవరి నోటి దగ్గర పెట్టను? నా నోటి దగ్గరే పెట్టుకుని, నిమిషం నిండా పేషెంటులా ఊపిరి పీల్చి వదిలాను. దొరికిపోతానేమోనని గుండె దడదడలాడుతోంది, అది వేరే.

"తమ్మి," అన్నాడు చివరికి, చాలా మెల్లగా. "ఇది గ్యాసని ఇడిసిపెట్టొద్దు. జర పెద్ద దవాఖానల చూపెట్టుకొమ్మను. ఇయ్యాల్నే పొమ్మను. బరువులు మోయొద్దని చెప్పు. ఉద్యోగం పోతదని భయపడుతుండొచ్చు. ఎవ్వలకు చెప్పొద్దంటే చెప్పనని చెప్పు."

"చెప్తనన్నా. ఇంటడో ఇనడో."

"ఇంటడు. నువ్వు చెప్తే ఇంటడు."

ఫోన్ పెట్టేశాక గమనించాను, కేసు నంబరు అడగలేదు. సంబరపడిపోయాను. పెద్దమనిషి మర్చిపోతున్నాడు, చిన్నదే అయినా ఇదీ ఒక తప్పే అనుకున్నాను. ఆ ఐదు నిమిషాలు నిజంగా ప్రాణం మీదికి వచ్చినవాడెవడైనా ఆ లైను కోసం ఆగి ఉంటే అన్న ఆలోచన అప్పుడు నాకు రాలేదు. ఇప్పుడు రోజూ వస్తోంది. మర్నాడు నాచారం పోయి, ఆ పేషెంటుది ఉత్త గ్యాసేనంట అన్నాను, ఆయన ముఖం ఎలా మాడుతుందో చూద్దామని. ఆయన గోడ వైపు నుంచే "ఊఁ" అన్నాడు. అందులో ఓటమీ లేదు, గెలుపూ లేదు. నా గొయ్యి అలాగే ఖాళీగా మిగిలింది.

ఆ తర్వాత శివరాత్రి వచ్చింది. కీసరగుట్ట జాతరకు మా బండ్లు పోతాయి. జనంలో సొమ్మసిల్లినవాళ్లను మెట్ల మీదుగా మోసుకురావాలి, ఒళ్లు హూనమవుతుంది. అయినా అది గొప్ప. ఏటా పట్టికలో నా పేరే మొదట ఉండేది. ఆ ఏడు లేదు. అడిగితే, డెస్క్ నుంచి వద్దని చెప్పారన్నారు. నేరుగా నాచారం పోయాను.

"నా పేరెందుకు తీయించినవన్నా?"

ఆయన కుర్చీ నా వైపు తిప్పాడు. ఆ కుర్చీ గోడకు వీపు పెట్టడం నేను చూసింది అదొక్కసారే. నా ముఖం చూశాడు, పెదవులు చూశాడు, చేతి గోళ్లు చూశాడు. సంతలో పశువును చూసినట్టు చూస్తున్నాడని నాకు ఒళ్లు మండింది.

"గుట్టకు నువ్వెందుకు తమ్మి. ఈడ ఉప్పల్ల ఎవరన్న ఉండాలె గద."

"అంటే నాకు చాతగాదనా?"

"గట్లెవరన్నరు?" అని జేబులోంచి గుప్పెడు పుట్నాలు తీసి నా చేతిలో పోశాడు. "ఇవి తిను. బజ్జీలు గిట్ల తినకు."

మెట్లు దిగుతూ ఆ పుట్నాలను మంటలార్పే ఇసుక బకెట్లో పారేశాను. ఇంటికి పోయి మా ఆవిడతో, వాడు నన్ను తొక్కేస్తున్నాడని చెప్పాను. ఎన్నడూ అననివాణ్ని, ఆ రోజు ఆయన్ని వాడు అన్నాను.

యాదగిరి కూడా మారిపోయాడు. అంతకుముందు మాకు వంతులుండేవి, ఒకసారి తల వైపు నేను, ఒకసారి వాడు. ఆ ఏడు నుంచి బండి ఆగీ ఆగకముందే దూకి తల వైపు పట్టుకునేవాడు. వయసులో ఉన్నాడు, కండలు చూపించుకుంటున్నాడు అనుకున్నాను. డెస్క్‌లో ఆయన, బండిలో వీడు, ఇద్దరూ కలిసి నన్ను ముసలివాణ్ని చేస్తున్నారని లోలోపల ఉడికిపోయాను. ఆయన జ్వరంతో ఆస్పత్రిలో ఉంటే చూడ్డానికి పోలేదు. డ్యూటీ ఉందన్నాను. ఆ నాలుగు రోజుల్లో రెండు రోజులు నాకు సెలవే.

పదకొండో దినానికి పోకుండా ఉండలేం కదా. ఆయనదీ చిల్కానగరే, ఒక మేడ మీద అద్దె ఇల్లు. సందు నిండా మా బండ్లవాళ్లే. ప్రతివాడి దగ్గరా ఆయనకు చేసిన ఫోన్ కథ ఒకటుంది, ప్రతివాడూ అదే చెబుతున్నాడు. రేపు నేను పోతే ఇందులో సగం మందైనా వస్తారా అనుకున్నాను. ఫోటో ముందు పూలు వేస్తూ అనుకున్నాను, దాచను.

భోజనాల దగ్గర ఆయన భార్య నన్ను పిలిచింది. నేను ఆమెను చూడటం అదే మొదలు. యాదగిరి నా పక్కనే ఉన్నాడు.

"ఉప్పల్ బండి తమ్మివి నువ్వే గద?"

"నేనే వదినా."

"నీ గుండె ఎట్లున్నది?"

ఏం అడుగుతోందో అర్థం కాలేదు. ఆమె గొంతు తగ్గించింది. "మీ అన్న రెండేండ్ల సంది ఒక్కటే ఫికర్. మా దాంట్ల ఒగ తమ్ముడున్నడు, గుండెల నొప్పస్తుంది, ఉద్యోగం పోతదని ఎవ్వలకు చెప్తలేడు, పేషెంట్ పేరు వెట్టి నన్ను అడిగిండు అంటుండె. ఎవలంటే నాకు గూడ చెప్పకపోతుండె. మొన్న జ్వరంల చెప్పిండు, ఉప్పల్ బండి తమ్మి మందులు ఏసుకుంటున్నడో లేదో అడుగమని. నువ్వేమో దవాఖానకు రాకపోతివి."

ఆమెకు కోపం లేదు. ఉన్నమాట చెబుతోంది, అంతే.

మా పనిలో ఇది కొత్త కాదు. పారామెడిక్‌కు జబ్బు చేస్తే మొదట దాచిపెట్టేది పారామెడిక్కే. బరువు మోయలేడని తేలితే బండి నుంచి దించేస్తారు. అందుకే "అన్నా, ఒక పేషెంట్ ఉన్నడు" అని డెస్క్‌కు ఫోన్ చేసి తన నొప్పే చెప్పుకుంటాడు. అలాంటి ఫోన్లు ఆయన ఎన్ని విన్నాడో. నాదీ అలాంటిదే అనుకున్నాడు. అందుకే కేసు నంబరు అడగలేదు, అడిగితే నా పేరు మీద పడుతుందని.

"నాకు గూడ చెప్పిండన్నా," అన్నాడు యాదగిరి, నేల చూస్తూ. "ఎందుకని చెప్పలే. తల దిక్కు నన్నే పట్టుమన్నడు, నీకు తెల్వనియ్యొద్దన్నడు."

ఆమె ఇంకా నా జవాబు కోసమే చూస్తోంది.

"మందులు ఏసుకుంటున్న వదినా," అన్నాను.

"మరువకు తమ్మి," అంది.

మర్నాడు బండిలోనే ఈసీజీ తీయించుకున్నాను. చాలలేదు. డాక్టరు దగ్గరకు పోయి ట్రెడ్‌మిల్ మీద చెమటలు కారేదాకా పరుగెత్తాను. గుండెకు ఏ డోకా లేదన్నాడు డాక్టరు. ఎందుకైనా మంచిదని ఇంకోసారి అడిగాను. ఇంకోసారీ అదే అన్నాడు.

అదీ నాకు దొరికిన తప్పు. నిమిషం నిండా ఊపిరి విని, లేని జబ్బు ఉందన్నాడు. ఫోన్లోంచి నీళ్ల చప్పుడు విన్న చెవి, నా దగ్గరకొచ్చేసరికి మోసపోయింది. ఆరేళ్లు కొండను తవ్వాను, దొరికిన ఎలుక నేను పెంచిందే. పడుకుంటే ఒకటే ఆలోచన. అందరికీ నిజం చెప్పిన ఫోన్లో నేనొక్కణ్ని అబద్ధం చెప్పాను, ఆయన దాన్ని రెండేళ్లు మోశాడు. మోయకూడదన్న నడుముతో. నాకు ఏడుపు వచ్చింది. ఏడుస్తూ కూడా, ఇందులోనూ వాడే గెలిచాడు అనుకున్నాను. రెండోసారి వాడు అన్నాను.

మొన్న డ్యూటీలో, రింగ్ రోడ్డు దగ్గర బండి ఆపి ఉండగా, యాదగిరికి చెప్పేశాను. రిపోర్టులు తీసి వాడి ఒళ్లో పెట్టాను.

"నా గుండెకేం కాలే. ఆ ఫోను నేను నాటకం చేసిన. అన్నను తప్పు పట్టాలని చేసిన. ఇగ చూడు, అంత మంచిగుంది. ఇయ్యాల్టి సంది తల దిక్కు నేను గూడ పట్టుకుంట."

వాడు కాగితాలు ఒక్కొక్కటే చూశాడు. మడత పెట్టి నా చేతికిచ్చాడు.

"అన్న తప్పు చెప్పడన్నా," అన్నాడు. "ఇంకోపాలి తీయించుకో. ఇంకో దవాఖానల."

"అబద్ధం చెప్పింది నేను రా. నేనే చెప్తున్న గద."

"నా దగ్గర ఎందుకు దాస్తవన్నా. నేను ఎవ్వలకు చెప్ప."

ఇంతలో కాల్ వచ్చింది. నాచారంలో ఒక ఫ్యాక్టరీ, పనిలో కళ్లు తిరిగి పడిపోయిన మనిషి, ఆజానుబాహువు. చూడాల్సినవన్నీ చూసి స్ట్రెచర్ మీదికి చేర్చాం. లేపాల్సి వచ్చేసరికి తల వైపుకు నేను ముందే పోయి నిలబడ్డాను. యాదగిరి నా భుజం మీద చెయ్యి వేసి, పేషెంటు ముందు మాట పెరగకుండా, మెల్లగా పక్కకు జరిపాడు.

పదేళ్ల అనుభవం, మొదటి ర్యాంకు, జేబులో రెండు రిపోర్టులు. కాళ్ల వైపుకు పోయి పట్టుకున్నాను.